పాత వీడియో గేముల నంబర్ల తికమక: ఏది ముందో ఏది తర్వాతో మీరే తేల్చుకోవడం ఎలా

పాత గేముల సంగతి కాస్త తెలిసినవాడని ఒకసారి పేరు పడిందంటే నెల్లూరులో ఫోన్ ఆగదు. అడిగేవాళ్ళు వేరైనా అడిగేది ఒకటే. "నా, ఫైనల్ ఫ్యాంటసీ త్రీ అని కొన్నా, మావాడు చూసి అది సిక్స్ అంటన్నాడు, ఏంది నా ఇది?" "మోస్ట్ వాంటెడ్ అని రెండు కనపడతన్నాయి, మనం నెట్ సెంటర్లో ఆడింది ఏది?" "వైస్ సిటీ అయిపోయింది, ఇప్పుడు జీటీఏ వన్ నుంచి మొదలుపెట్టాలా?" కావలి నుంచి, ఒంగోలు నుంచి, గూడూరు నుంచి ఇవే ప్రశ్నలు.

ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు, ఏ సిరీస్ అయినా మీ అంతట మీరే విడదీసుకునే పద్ధతి రాస్తున్నాను. గుర్తు పెట్టుకోవాల్సింది ఒక్కటే: పేరు చివర ఉన్న నంబరును నమ్మకండి. ఏ ఏడాది వచ్చింది, ఏ దేశంలో వచ్చింది, ఏ మెషిన్ మీద వచ్చింది, ఈ మూడూ తెలిస్తేనే ఆ గేమ్ ఏదో తెలిసినట్టు.

కావలసినవి

- గేముల వరస చీటీగా రాసుకోవడానికి ఒక కాగితం, లేదా ఫోన్‌లో నోట్స్.
- మీ దగ్గరున్న డిస్కు, క్యాసెట్ లేదా దాని డబ్బా. ఆన్‌లైన్‌లో కొంటుంటే అమ్మేవాళ్ళను నాలుగు ఫొటోలు అడగండి: ముందు అట్ట, వెనక అట్ట, డబ్బా పక్క అంచు, గేమ్ ఆన్ చేయగానే టీవీలో వచ్చే మొదటి స్క్రీన్. నాలుగోది ఇవ్వనంటే ఆ బేరం వదిలేయండి.
- ఇంటర్నెట్. ఇంగ్లిష్ వికీపీడియాలో ఆ గేమ్ పేజీ, ఆ సిరీస్ పేజీ రెండూ తెరవండి. ఏ దేశంలో ఏ పేరుతో వచ్చిందో, అట్ట ఎలా ఉందో చూడటానికి మోబీగేమ్స్ సైటు బాగుంటుంది.
- అరగంట ఓపిక.

యూట్యూబ్‌లో "అన్ని గేములూ వరసగా" అనే వీడియోలు ఈ జాబితాలో లేవు. వాటిలో చాలామటుకు కథ వరసనీ విడుదల వరసనీ కలిపేసి చెబుతారు. వాటితో మొదలుపెడితే చిక్కు ఇంకా బిగుస్తుంది.

1. మీకు కావలసింది ఏ వరసో ముందు తేల్చుకోండి

వరసలు రెండు. గేములు విడుదలైన వరస ఒకటి, వాటిలోని కథ జరిగే వరస ఇంకొకటి. చాలా సిరీస్‌లలో ఈ రెండూ కలవవు.

జీటీఏ (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) సిరీస్ తీసుకోండి. మొదటిది 1997లో, రెండోది 1999లో, మూడోది 2001లో వచ్చాయి. వైస్ సిటీ 2002లో, శాన్ ఆండ్రియాస్ 2004లో వచ్చాయి. ఈ రెండింటికీ నంబరు లేదు. 4 అనే నంబరు 2008 దాకా రాలేదు. కథ చూస్తే వైస్ సిటీ 1986లో, శాన్ ఆండ్రియాస్ 1992లో జరుగుతాయి. మూడో నంబరు గేమ్ కథ వాటి తర్వాత 2001లో జరుగుతుంది. కాబట్టి వైస్ సిటీ ఆడినవాళ్ళు 1997 నాటి గేమ్‌కి పరిగెత్తాల్సిన పనిలేదు. పైనుంచి చూస్తూ ఆడే ఆ పాత రెండింటి కథకీ వీటికీ సంబంధం లేదు.

మెటల్ గేర్ ఇంకా చిత్రం. 2004లో వచ్చిన మెటల్ గేర్ సాలిడ్ 3 కథ 1964లో జరుగుతుంది. మొత్తం సిరీస్‌లో అన్నిటికంటే ముందు కథ అదే. స్ట్రీట్ ఫైటర్ చూస్తే, మూడో భాగం 1997లోనే వచ్చినా, ఆ తర్వాతెప్పుడో వచ్చిన 4, 5 భాగాల కథలు దానికంటే ముందు జరుగుతాయి.

నా సలహా అడిగితే, మొదటిసారి ఆడేవాళ్ళు ఎప్పుడూ విడుదల వరసలోనే ఆడండి. కథ వరసలో ఆడితే కంట్రోళ్ళు, గ్రాఫిక్స్ ముందుకీ వెనక్కీ దూకుతుంటాయి. ముందు భాగం ఆడినవాళ్ళ కోసం దాచిన మలుపులు ముందే తెలిసిపోతాయి.

ఫైనల్ ఫ్యాంటసీకి మాత్రం ఈ టెన్షనే అక్కర్లేదు. ప్రధాన నంబర్లలో ఒక్కొక్కటీ వేరే కథ, వేరే లోకం, వేరే మనుషులు. ఏడుతో మొదలుపెట్టినా నష్టం లేదు. ఒకే నంబరు పక్కన ఇంకో నంబరు ఉంటే, ఉదాహరణకు 2003లో వచ్చిన టెన్-టూ లాంటివి అయితే, ముందు టెన్ ఆడి తీరాలి.

2. చేతిలో ఉన్నది అసలు ఏదో గుర్తుపట్టండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. నిదానంగా చేయండి.

ముందు డబ్బా అంచు, డిస్కు పైభాగం చూడండి. ప్లేస్టేషన్, ప్లేస్టేషన్ 2 డిస్కుల మీద నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, వాటి పక్కన అంకెలు ఉంటాయి. ఎస్‌ఎల్‌యూఎస్ లేదా ఎస్‌సీయూఎస్ అని ఉంటే అమెరికా డిస్కు. ఎస్‌ఎల్‌ఈఎస్, ఎస్‌సీఈఎస్ అయితే యూరప్‌ది. ఎస్‌ఎల్‌పీఎస్, ఎస్‌ఎల్‌పీఎం, ఎస్‌సీపీఎస్ అయితే జపాన్‌ది. ఆ కోడ్ మొత్తాన్ని అంకెలతో సహా గూగుల్‌లో కొట్టండి, గేమ్ అసలు పేరు వచ్చేస్తుంది. అట్ట మీద పేరు చిరిగిపోయినా, డబ్బాలో వేరే డిస్కు పెట్టి అమ్మినా ఈ కోడ్ పట్టిస్తుంది.

తర్వాత గేమ్ ఆన్ చేసి మొదటి స్క్రీన్ చూడండి. అడుగున చిన్న అక్షరాల్లో కంపెనీ పేరు, ఏడాది ఉంటాయి. ఆ రెండూ రాసుకోండి.

జాగ్రత్త: అక్కడ రెండు మూడు ఏళ్ళు వరసగా ఉంటే మొదటిది అసలు గేమ్ తయారైన ఏడాది, చివరిది సాధారణంగా మీ చేతిలో ఉన్న కాపీది. పాత గేమ్‌ని కొత్త మెషిన్ కోసం మళ్ళీ విడుదల చేసినప్పుడు ఇలా వేస్తారు.

ఇక మన ప్రాంతంలో చాలామంది ఇళ్ళలో అటక మీద ఇప్పటికీ ఉండే టీవీ గేమ్ క్యాసెట్ల సంగతి. పసుపు రంగు ప్లాస్టిక్, పైన మారియో బొమ్మ, పక్కన తుపాకీ పట్టుకున్న కాంట్రా మనిషి, కింద పెద్దక్షరాల్లో "9999 ఇన్ 1". ఆన్ చేస్తే మెనూలో పేజీలకు పేజీలు పేర్లు. లోపల ఉండేది పట్టుమని కొన్ని గేములే. అవే గేముల్ని వేరే లెవెల్ నుంచో, ఎక్కువ లైఫ్‌లతోనో మొదలయ్యేలా చేసి కొత్త పేరు పెట్టి జాబితా పెంచారు. అందుకే ఆ మెనూలో కనబడే కాంట్రా 2, కాంట్రా 5 అనే పేర్లను వరసలో కలపకండి. "సూపర్ కాంట్రా 7" అనే క్యాసెట్ నిజంగానే వేరే గేమ్, కానీ దాన్ని చేసింది కాంట్రా హక్కులున్న కొనామీ కాదు. ఫ్లింట్‌స్టోన్స్ గేములో హీరో తల తీసేసి మారియో తల అతికించి, దానికి 7 అని నంబరు కూడా తగిలించిన దొంగ క్యాసెట్ ఒకటి ప్రపంచమంతా ఫేమస్.

కంప్యూటర్ గేముల్లోనూ ఇదే తంతు. బస్టాండ్ల దగ్గర జిరాక్స్ అట్టతో అమ్మిన సీడీలు గుర్తున్నాయి కదా. ఐజీఐ పేరుతో నిజంగా విడుదలైన గేములు రెండే: 2000లో మొదటిది, 2003లో కోవర్ట్ స్ట్రైక్ అనే రెండోది. ఐజీఐ 3, 4, 5 అని సీడీ మీద మార్కర్‌తో రాసి ఉంటే అది వేరే ఏదో షూటింగ్ గేమ్, లేదా పాతదానికే ఎవరో ఇంట్లో కూర్చుని చేసిన మార్పు (దీన్ని మాడ్ అంటారు). అలాగే ఈఏ స్పోర్ట్స్ క్రికెట్ సిరీస్‌లో చివరిది క్రికెట్ 07. క్రికెట్ 2011, క్రికెట్ 2019, ఐపీఎల్ ఎడిషన్ అంటూ తిరిగే ఈఏ గేములన్నీ ఆ 07 మీద అభిమానులు వేసిన జెర్సీలు, టీములే. ఆడుకోండి, తప్పేం లేదు. వరసలో మాత్రం రాయకండి.

3. దేశం మారితే పేరు మారిందేమో చూడండి

మన జిల్లా పేరు 2008 నుంచి కాగితాల మీద శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా. బస్సు ఎక్కేటప్పుడు మాత్రం అందరికీ నెల్లూరే. పేర్లు రెండైనా చోటు ఒకటే. గేముల్లోనూ ఇంతే, ఒకే గేమ్‌కి రెండు మూడు పేర్లుంటాయి. ఆ సంగతి తెలియక ఒకే గేమ్ రెండుసార్లు కొన్నవాళ్ళున్నారు.

వికీపీడియాలో గేమ్ పేజీ మొదటి పేరా చదవండి. "జపాన్‌లో ఫలానా పేరుతో", "యూరప్‌లో ఫలానా పేరుతో" అని అక్కడే ఉంటుంది. తరచుగా దెబ్బకొట్టేవి ఇవి:

- రెసిడెంట్ ఈవిల్ సిరీస్‌కి జపాన్‌లో పేరు బయోహజార్డ్. 2017లో వచ్చిన ఏడో భాగానికి బయట "రెసిడెంట్ ఈవిల్ 7 బయోహజార్డ్" అని, జపాన్‌లో తిరగేసి "బయోహజార్డ్ 7 రెసిడెంట్ ఈవిల్" అని పెట్టారు.
- డ్రాగన్ క్వెస్ట్‌ని అమెరికాలో చాలా ఏళ్ళు డ్రాగన్ వారియర్ అన్నారు. 2005లో ఎనిమిదో భాగం నుంచి అసలు పేరు వచ్చింది.
- కాంట్రా గేములు యూరప్‌లో ప్రోబోటెక్టర్ పేరుతో వచ్చాయి. మనుషుల బదులు రోబోలు ఉంటాయి, మిగతా ఆట అదే.
- స్ట్రీట్ ఫైటర్ ఆల్ఫా, స్ట్రీట్ ఫైటర్ జీరో ఒకటే. రెండోది జపాన్ పేరు.
- నీడ్ ఫర్ స్పీడ్ హై స్టేక్స్ యూరప్‌లో రోడ్ ఛాలెంజ్ అయింది.
- బ్రయన్ లారా పేరుతో వచ్చిన క్రికెట్ గేమ్ 2007లో మన దేశంలో యువరాజ్ సింగ్ ఇంటర్నేషనల్ క్రికెట్, ఆస్ట్రేలియాలో రికీ పాంటింగ్ ఇంటర్నేషనల్ క్రికెట్. అట్ట మీద మనిషి మారాడు, లోపల గేమ్ మారలేదు.

ఇంకో చిన్న ఉచ్చు. స్ట్రీట్ ఫైటర్‌లో మనుషుల పేర్లు కూడా అటూ ఇటూ అయ్యాయి. బాక్సర్ పేరు జపాన్‌లో ఎం.బైసన్, బయట బాల్‌రాగ్. ఇనుప గోళ్ళు వేసుకునేవాడు జపాన్‌లో బాల్‌రాగ్, బయట వేగా. చివరి విలన్ జపాన్‌లో వేగా, బయట ఎం.బైసన్. కాబట్టి ఈ సిరీస్‌లో "చివర్లో వేగా వచ్చాడు" అన్న మాటను బట్టి ఏ గేమో నిర్ణయించకండి.

4. నంబరే జారిపోయిన సిరీస్‌లను సరిచేయండి

ఇది అసలైన చిక్కుముడి. జపాన్‌లో వచ్చిన గేముల్లో కొన్ని అమెరికాకు రాకపోతే, వచ్చినవాటికి అమెరికాలో కొత్తగా వరస నంబర్లు వేశారు. ఫైనల్ ఫ్యాంటసీ దీనికి పెద్ద ఉదాహరణ. ఈ చీటీ కాపీ చేసుకోండి:

- 1: జపాన్ 1987. అమెరికాలో 1990లో, అదే నంబరుతో.
- 2: జపాన్ 1988. అప్పట్లో అమెరికాకు రాలేదు.
- 3: జపాన్ 1990. అదీ రాలేదు.
- 4: 1991, సూపర్ ఫామికామ్ (సూపర్ నింటెండోకి జపాన్ పేరు). అమెరికాలో "2".
- 5: 1992. అప్పట్లో రాలేదు.
- 6: 1994. అమెరికాలో "3".
- 7: 1997, ప్లేస్టేషన్. అన్నిచోట్లా 7.

1994లో "3" ఆడిన అమెరికా పిల్లాడికి 1997లో ఒక్కసారిగా "7" కనబడింది. మధ్యలో మూడు ఎక్కడికి పోయాయని వాళ్ళూ మనలాగే జుట్టు పీక్కున్నారు. తర్వాత ప్లేస్టేషన్ మీద పాతవి మళ్ళీ విడుదల చేసినప్పుడు అసలు నంబర్లే వాడారు. ఇప్పుడు దుకాణాల్లో, స్టోర్లలో కనబడేవన్నీ జపాన్ నంబర్లే. తేడా వచ్చేది పాత సూపర్ నింటెండో క్యాసెట్ల దగ్గర మాత్రమే.

మీ దగ్గర ఉన్నది ఏదో రెండు నిమిషాల్లో తేల్చుకోండి. ఆట మొదట్లోనే ఎగిరే ఓడల దండు, నల్ల కవచం వేసుకున్న సెసిల్ అనే వీరుడు కనబడితే అది నాలుగు. మంచులో పెద్ద యంత్రాల మీద ముగ్గురు నడిచి వస్తూ, వాళ్ళలో టెర్రా అనే అమ్మాయి ఉంటే అది ఆరు. నలుగురు మనుషుల వృత్తులు మీరే ఎంచుకుని పేర్లు పెడితే మొదటిది.

మారియో 2 కథ వేరు. ఇక్కడ జారింది నంబరు కాదు, గేమే మారిపోయింది. జపాన్‌లో 1986లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ 2 మొదటి భాగం లాగే ఉంటుంది, కాకపోతే చాలా కష్టం. తింటే ప్రాణం పోయే విషపు పుట్టగొడుగులు కూడా ఉంటాయి. అమెరికాకు అది వద్దనుకుని, దోకి దోకి ప్యానిక్ అనే 1987 నాటి వేరే గేములో మనుషుల్ని మార్చి 1988లో దాన్నే సూపర్ మారియో బ్రదర్స్ 2గా అమ్మారు. ఆ అమెరికా గేమ్ తిరిగి 1992లో జపాన్‌కి సూపర్ మారియో యూఎస్ఏ పేరుతో వెళ్ళింది. జపాన్ నాటి అసలు 2వ భాగం 1993లో సూపర్ మారియో ఆల్ స్టార్స్‌లో లాస్ట్ లెవెల్స్ పేరుతో బయటి జనానికి దొరికింది.

గుర్తుపట్టడం తేలిక. మారియో, లూయిజీ, టోడ్, ప్రిన్సెస్ నలుగురిలో ఒకరిని ఎంచుకుని, నేలలోంచి దుంపలు పీకి శత్రువుల మీద విసురుతుంటే అది అమెరికా 2. మారియో, లూయిజీ ఇద్దరే ఉండి, మొదటి భాగం లాగే ఇటుకలు పగలగొడుతూ పోతుంటే జపాన్ 2.

వండర్ బాయ్ దగ్గరికి వచ్చేసరికి నాకే నవ్వొస్తుంది. ఈ సిరీస్‌లో మూడో నంబరువి రెండున్నాయి. 1988లో వండర్ బాయ్ 3 మాన్‌స్టర్ లెయిర్, 1989లో వండర్ బాయ్ 3 ది డ్రాగన్స్ ట్రాప్. రెండూ పూర్తిగా వేరు. 1991లో వచ్చిన ఇంకో గేమ్‌కి జపాన్‌లో పెట్టిన పేరు "వండర్ బాయ్ 5: మాన్‌స్టర్ వరల్డ్ 3". ఒకే అట్ట మీద రెండు నంబర్లు! బయటి దేశాల్లో ఆ గొడవంతా ఎందుకని వండర్ బాయ్ ఇన్ మాన్‌స్టర్ వరల్డ్ అని నంబరు లేకుండా అమ్మారు.

మన టీవీ గేమ్ క్యాసెట్లలో అందరూ ఆడిన అడ్వెంచర్ ఐలాండ్ కూడా ఈ ఇంటిదే. వండర్ బాయ్ అనే పేరు సెగా కంపెనీ చేతిలో ఉండేది. హడ్సన్ కంపెనీ 1986లో ఆ మొదటి గేమ్‌నే తీసుకుని, హీరోని మార్చి కొత్త పేరు పెట్టింది. గడ్డి లంగా, టోపీ వేసుకుని గొడ్డళ్ళు విసిరే మాస్టర్ హిగ్గిన్స్ అలా పుట్టాడు. ఆ తర్వాత రెండు సిరీస్‌లూ వేరు దారి పట్టాయి. కాబట్టి అడ్వెంచర్ ఐలాండ్ 2, వండర్ బాయ్ రెండో గేమ్ ఒకటి కావు.

ఇలాంటి సిరీస్‌కి చీటీ రాసేటప్పుడు నంబరు కాలమే పెట్టకండి. ఏడాది, పూర్తి పేరు, మెషిన్ రాస్తే చాలు.

5. నంబరు లేనివాటికి చోటు వెతకండి

నంబరు లేదు కదా అని పక్కన పెడితే అసలు కథ పోతుంది. 2000లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ కోడ్ వెరోనికాకి నంబరు లేదు, కథలో మాత్రం రెండో భాగానికి అసలైన కొనసాగింపు. 2002లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ జీరో పేరుకు సున్నా, విడుదలలో మూడో నంబరు తర్వాతది. ముందుగా ఆడాల్సిన అవసరం లేదు.

మెటల్ గేర్ సాలిడ్ 1998లో వచ్చింది, దానికీ నంబరు లేదు. దాన్ని మొదటిది అనుకోకండి. 1987లో మెటల్ గేర్, 1990లో మెటల్ గేర్ 2 సాలిడ్ స్నేక్ ఎంఎస్‌ఎక్స్2 కంప్యూటర్ మీద వచ్చాయి. మెటల్ గేర్ సాలిడ్ కథ ఆ రెండింటికీ కొనసాగింపు. అమెరికా నింటెండోకి 1990లో వచ్చిన స్నేక్స్ రివెంజ్‌ని కథలో లెక్క వేయరు.

కాంట్రా ఫోర్స్‌ది దీనికి తిరగబడిన సంగతి. 1992లో అమెరికాలో కాంట్రా అన్న పేరుతో అమ్మినా, మొదలుపెట్టినప్పుడు అది కాంట్రా గేమ్ కాదు. ఏలియన్లు కూడా ఉండవు. చీటీలో చివర "పక్క గేమ్" అని రాసి వదిలేయండి.

6. ఒకే పేరుతో రెండోసారి వచ్చినవాటిని విడదీయండి

ఈ మధ్య కంపెనీలు పాత పేరునే మళ్ళీ పెడుతున్నాయి. ఇక్కడ ఏడాది పక్కన రాయకపోతే పని జరగదు.

నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ 2005లో ఒకటి, 2012లో ఒకటి. బ్లాక్‌లిస్ట్ అనే రేసర్ల జాబితాలో 15 మంది, వాళ్ళలో మొదటివాడు రేజర్, మీ కారు లాక్కుపోయాడంటే అది 2005ది. నెట్ సెంటర్ రోజుల్లో అందరూ ఆడింది అదే. ఊరి పేరు ఫెయిర్‌హేవెన్ అయితే 2012ది. హాట్ పర్స్యూట్ అయితే ఇంకో మెలిక: 1998లో నీడ్ ఫర్ స్పీడ్ 3 హాట్ పర్స్యూట్, 2002లో హాట్ పర్స్యూట్ 2, మళ్ళీ 2010లో ఉత్త హాట్ పర్స్యూట్. ఆ 2 సిరీస్ నంబరు కాదు, ఆ ఉపపేరుకి నంబరు.

టూంబ్ రైడర్ 1996, 2013. డూమ్ 1993, 2016. ప్రిన్స్ ఆఫ్ పర్షియా 1989, 2008. రోడ్ రాష్ కూడా అంతే. మనం కంప్యూటర్లో ఆడినది 1996లో వచ్చింది, పేరులో నంబరు లేదు కాబట్టి మొదటిది అనుకుంటారు. అసలు మొదటిది 1991లో సెగా మెషిన్ మీద వచ్చింది. అక్కడ 3 దాకా అయిపోయాక గానీ ఇది కంప్యూటర్‌కి రాలేదు.

కాల్ ఆఫ్ డ్యూటీలో తేడా అంకె రాసే తీరులో ఉంది. 2009 నాటి మోడర్న్ వార్‌ఫేర్ 2లో మామూలు అంకె. 2022లో వచ్చినదానికి రోమన్ అంకె. మూడుకీ ఇదే లెక్క, 2011లో మామూలు అంకె, 2023లో రోమన్. కొనేటప్పుడు అట్ట మీద అంకె దగ్గరగా చూడండి.

1 అనే నంబరు కనబడితే మరీ అనుమానించండి. బ్యాటిల్‌ఫీల్డ్ 1 వచ్చింది 2016లో, అప్పటికే 4 వచ్చేసింది. మొదటి ప్రపంచ యుద్ధం కథ కాబట్టి ఆ పేరు. మోర్టల్ కాంబాట్ 1 వచ్చింది 2023లో, 11 తర్వాత. 1992 నాటి మొదటి గేమ్ పేరు ఉత్త మోర్టల్ కాంబాట్.

7. చీటీ రాయండి

ఒక్కో వరసకి ఇంతే: మొదటిసారి విడుదలైన ఏడాది, మెషిన్, అసలు పేరు, వేరే దేశంలో పేరు, చివర ఒక ముక్క గుర్తు. ఉదాహరణకు: "1988, నింటెండో, మారియో 2 అమెరికా, జపాన్‌లో మారియో యూఎస్ఏ, దుంపలు పీకుతారు." ఆ గుర్తు మీరు ఆడి రాసుకున్నదైతే ఇంకా మంచిది, తర్వాత చూసుకుంటే వెంటనే తడుతుంది.

చీటీ అంతా ఒకే దేశం తేదీలతో రాయండి. ఒకదానికి జపాన్ ఏడాది, ఇంకోదానికి అమెరికా ఏడాది వేస్తే వరస తలకిందులవుతుంది. ఫైనల్ ఫ్యాంటసీ మొదటిదానికి అమెరికా తేదీ 1990, మూడోదానికి జపాన్ తేదీ 1990 వేసి చూడండి, రెండూ ఒకే ఏడాది వచ్చినట్టు కనబడతాయి.

ఇంత గొడవ వద్దనుకుంటే కంపెనీలే వరసపెట్టి అమ్మే సంకలనాలు ఉన్నాయి. ఫైనల్ ఫ్యాంటసీ 1 నుంచి 6 దాకా పిక్సెల్ రీమాస్టర్ పేరుతో ఫోన్‌లో కూడా దొరుకుతాయి, నంబర్లు సరిగ్గా ఉంటాయి. 2018లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 30వ వార్షికోత్సవ కలెక్షన్‌లో 12 గేములున్నాయి. కాంట్రాకి 2019లో వచ్చిన యానివర్సరీ కలెక్షన్ ఉంది. కథ కోసం కాక చిన్నప్పటి ఆట కోసం చూసేవాళ్ళకు ఇవే మేలు.

తరచుగా జరిగే పొరపాట్లు

ఎడిషన్‌ని కొత్త భాగం అనుకోవడం. స్ట్రీట్ ఫైటర్ 2 ఒక్కదానికే 1991 నుంచి 1994 దాకా ఛాంపియన్ ఎడిషన్, టర్బో, సూపర్, సూపర్ టర్బో అంటూ రూపాలు వచ్చాయి. అన్నీ రెండే. మూడు రావడానికి 1997 అయింది. వీటిలో ఒకటి ఆడాలంటే చివరిది ఆడండి.

పేరులో ఏడాది ఉంటే అదే విడుదల ఏడాది అనుకోవడం. క్రికెట్ 07 వచ్చింది 2006 నవంబరులో. స్పోర్ట్స్ గేములకు రాబోయే ఏడాది పేరు పెట్టడం మామూలే.

రీమేక్‌ని, రీమాస్టర్‌ని ఒకటే అనుకోవడం. రీమాస్టర్ అంటే పాత గేమ్‌కే మెరుగులు. రీమేక్ అంటే మొదటి నుంచి మళ్ళీ చేసినది. రెసిడెంట్ ఈవిల్ 2 అసలుది 1998, రీమేక్ 2019. రెండిటి మధ్య కెమెరా నుంచి దారుల దాకా తేడాలున్నాయి, ఒకదాని గైడు చూస్తూ ఇంకోటి ఆడలేరు.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

చీటీ పూర్తయ్యాక పైనుంచి కిందకు ఏళ్ళు పెరుగుతూ పోతున్నాయా చూడండి. ఎక్కడైనా వెనక్కి తగ్గితే ఆ వరసలో రీమేక్ తేదీయో, వేరే దేశం తేదీయో దూరింది.

తర్వాత మధ్యలో మాయమైన ప్రతి నంబరుకూ కారణం చెప్పగలుగుతున్నారా చూడండి. "రాలేదు", "పేరు మార్చారు", "అసలు చేయలేదు", ఈ మూడిట్లో ఏదో ఒకటి అయి ఉండాలి. ఏదీ కాకపోతే ఆ నంబరు గేమ్ పేజీ మళ్ళీ తెరవండి.

చివరగా, మీ దగ్గరున్న గేమ్ మొదటి అయిదు నిమిషాలు ఆడి, అదే పేరు, అదే ఏడాది ఉన్న గేమ్‌ప్లే వీడియో పక్కన పెట్టి పోల్చండి. మొదటి స్క్రీన్, హీరో పేరు, మొదటి లెవెల్ మూడూ కలిస్తే అదే. హీరో కలిసి స్క్రీన్ కలవకపోతే సాధారణంగా వేరే దేశం కాపీ. స్క్రీన్ కలిసి లెవెల్ కలవకపోతే ఎవరో మార్చిన దొంగ కాపీ, లేదా మాడ్.

రెండు చోట్ల రెండు నంబర్లు కనబడి, రెండూ నిజమే అయిన సందర్భం కూడా వస్తుంది. 1990లో వచ్చిన సూపర్ మారియో వరల్డ్‌కి జపాన్ అట్ట మీద పేరుతోపాటు "సూపర్ మారియో బ్రదర్స్ 4" అని కూడా ఉంది, అమెరికా అట్ట మీద లేదు. అలాంటప్పుడు ఒకటి కొట్టేయకుండా రెండూ చీటీలో రాసి, ఏ నంబరు ఏ దేశానిదో పక్కన వేయండి.